అల్లుడు కొన్న సీసా సాసులు

శనివారం పొద్దున పదిన్నరకు సూపర్‌మార్కెట్లో సాసుల వరస ముందు నిలబడి, అల్లుడు ఒక సీసా తీసి దాని వెనకనున్న చిన్న అక్షరాలు చదవడం మొదలుపెట్టగానే ఇన్‌స్పెక్టరమ్మకు అనుమానం వచ్చింది.

రాదా మరి. అతను వంటవాడు. ఏదో పొట్టకూటికి గరిటె పట్టినవాడు కాదు; పాస్తాకు పేరుపడ్డ హోటల్లో పదకొండేళ్ళుగా సాసుల పొయ్యి అతని చేతిలోనే ఉంది. కూతురు మొదటిసారి అతని సంగతి చెప్పినప్పుడు కూడా, "అమ్మా, అతను సాసులు చేస్తాడు" అనే చెప్పింది, ఎవరో వయొలిన్ వాయిస్తాడన్నట్టు. అలాంటివాడు సీసాలో పోసి అమ్మే సాసు కొనడమంటే, గజ ఈతగాడు పిల్లకాలవ దాటడానికి పడవ కోసం కేకేసినట్టుంది.

"ఏమిటి బాబూ చదువుతున్నావు?" అంది ఆవిడ, చేతికర్ర మీద బరువు మార్చుకుంటూ.

"ఏం లేదత్తయ్యా. ఈ రెండిట్లో ఏది తీసుకుందామా అని."

"తీసుకోవడమేమిటి, నువ్వు చెయ్యవా?"

"ఈజీగా కానిచ్చెయ్యమని మీ అమ్మాయే అందిగా. సీసా సాసులు కూడా ఇప్పుడు బాగానే వస్తున్నాయి."

బాగానే వస్తున్నాయి. ఈ మాట ఆవిడ ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో కొన్ని వందలసార్లు విన్నది. మునిసిపాలిటీ తరఫున హోటళ్ళ వంటిళ్ళు తనిఖీ చేసే ఉద్యోగం ఆవిడది. గుమ్మంలో నిలబడి గాలి పీల్చి, మూకుడులో నూనె ఎన్నోసారి మరుగుతోందో చెప్పేసేది. ఆవిడ వస్తోందని ఎవరైనా ముందుగా ఉప్పందిస్తే, వీధి వీధంతా ఫ్రిజ్‌లు కడుక్కునేవారు. పోయిన భర్త కూడా ఇంట్లో ఆవిడను ఇన్‌స్పెక్టరమ్మా అనే పిలిచేవాడు. రిటైరై రెండేళ్ళయినా పేరు పోలేదు, అలవాటూ పోలేదు. ఎడమ మోకాలి చిప్ప మార్పించుకుని, ఐదు వారాలుగా కూతురింట్లో ఉంటోంది. రోజూ నడవమన్నాడు డాక్టరు. నడక పేరు చెప్పి అల్లుడి వెంట బజారుకు వచ్చింది.

ఆ సాయంత్రం భోజనానికి రావలసిన అతిథి ఒక్కడే. అల్లుడికి వంట నేర్పిన ముసలాయన. అందరూ మాస్టరు అంటారు. గురువారం ఆయనే ఫోన్ చేసి, "శనివారం మీ ఇంటికి తిండికొస్తున్నానురా" అన్నాడట. పిలవని పేరంటం. ఫోన్ పెట్టేసిన అల్లుడి మొహంలో నెత్తుటి చుక్క లేకపోవడం ఇన్‌స్పెక్టరమ్మ గమనించింది. కూతురు మాత్రం సంబరపడి, "హడావిడి పెట్టుకోకు, నలుగురమే కదా, పాస్తా, రెండు సాసులు, పక్కన ఏదో ఒకటీ చాలు" అంది.

అల్లుడు చివరికి టొమాటో సాసు ఒక సీసా, కాల్చిన ఎర్ర క్యాప్సికం సాసు ఒకటి బుట్టలో వేశాడు. తెల్లసాసు ఇంట్లోనే చేస్తానని ఒక క్రీమ్ డబ్బా, చీజ్ ముక్క తీసుకున్నాడు.

"పక్కకి ఏం చేస్తావు?" అందావిడ. "చేపలు వేయించరాదూ. మాస్టరుకి ఇష్టమని విన్నాను."

చేపల బల్ల అవతల అమ్మే మనిషి ఆ మాట విని, ఒక చేప మొప్ప ఎత్తి అల్లుడి మొహం ముందుకు చాచాడు. అల్లుడు తేలు కుట్టినట్టు ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

"చేపలొద్దత్తయ్యా. తాజావో కావో."

"నువ్వు చూస్తే తెలీదూ?"

"ఇవాళొద్దులెండి. బీన్స్ ఉడికిద్దాం. ఆకుల సలాడ్ చేద్దాం. వెల్లుల్లి రాసి బ్రెడ్ కాలుద్దాం."

బీన్స్ ఉడికిందీ లేనిదీ రంగు చూసి చెప్పొచ్చు. సలాడ్‌కి పొయ్యే అక్కర్లేదు. ఏదీ తప్పిపోవడానికి వీల్లేని వంటలే ఏరుకుంటున్నాడేమిటి, అనుకుంది ఇన్‌స్పెక్టరమ్మ. పుట్టగొడుగుల దగ్గర కూడా ఆగలేదు. పదకొండేళ్ళ వంటవాడు, మొదటిసారి స్టవ్ వెలిగించే కాలేజీ కుర్రాడిలా సరుకులు కొంటున్నాడు.

ఇంటికి వచ్చాక ఆవిడ వంటింటి కిటికీ పక్కన కుర్చీలో కూచుని కాలు పీట మీద చాపుకుంది. ఐదు వారాలుగా చూస్తున్నవన్నీ అక్కడే ఒక్కొక్కటిగా పోగుచేసుకుంది.

ఒకటి, ఈ మనిషి రోజూ పొద్దున్నే లేచి, పళ్ళు తోముకోకముందే, చిన్న గిన్నెలో సబ్బునీళ్ళు కలిపి, పాత బ్రష్షుతో గ్యాసు గొట్టం అతుకుల మీద పూస్తాడు. నురగలో బుడగలు లేస్తున్నాయేమోనని వంగి చూస్తాడు. ఒకరోజు చేస్తే జాగ్రత్త అనుకోవచ్చు. రోజూ చేస్తే ఏమనుకోవాలి. ఇంకొకటి, బ్రెడ్ కాల్చడానికి కూడా గడియారం పెట్టుకుంటాడు. అన్నిటికన్నా ముఖ్యమైనది చొక్కాలు. పెళ్ళయిన కొత్తలో అతను ఇంటికొస్తే వెన్నలో వేగిన వెల్లుల్లి వాసన మనిషికన్నా ముందొచ్చేది. కూతురు అతని చొక్కాలు విడిగా ఉతికేది. ఇప్పుడు ఆ చొక్కాలకు పచ్చి ఉల్లిపాయ వాసన, తడి ఆకుకూరల వాసన తప్ప మరేదీ లేదు. సాసుల పొయ్యి దగ్గర రోజుకు తొమ్మిది గంటలు నిలబడే మనిషి ఒంటికి వెన్న వాసన అంటకుండా ఎలా ఉంటుంది?

"అయ్యో, బ్రెడ్ మర్చిపోయాను" అన్నాడు అల్లుడు, సంచులు ఖాళీ చేస్తూ. "బేకరీ దాకా వెళ్ళి అరగంటలో వచ్చేస్తానత్తయ్యా."

అతను మెట్లు దిగిన చప్పుడు ఆగాక, ఇన్‌స్పెక్టరమ్మ హోటలుకు ఫోన్ చేసింది. అల్లుడి ఉద్యోగం మీద నిఘా పెట్టడం మర్యాద కాదని ఆవిడకు తెలుసు. తెలిసే చేసింది.

ఎవరో ఆడమనిషి ఎత్తింది. వెనక పళ్ళేల చప్పుడు.

"అమ్మా, మీ సాసుల మాస్టరుతో మాట్లాడాలి" అంది ఇన్‌స్పెక్టరమ్మ, అల్లుడి రూపురేఖలు చెబుతూ.

"ఆయనా? ఇవాళ సెలవండీ. అయినా ఆయన ఇప్పుడు సాసుల దగ్గర లేరు కదా. నాలుగు నెలల నుంచీ కూరగాయల బల్ల దగ్గరే. తరుగుతున్నారు."

"ఎవరు మార్చారు?"

"ఎవరూ మార్చలేదండీ. ఆయనే అడిగి మార్పించుకున్నారు. ఎందుకో మాకూ అర్థం కాలేదు. ఇంతకీ మీరెవరండీ?"

ఆవిడ ఫోన్ పెట్టేసింది.

నాలుగు నెలలు. మొన్న మంగళవారం కూడా భోజనాల దగ్గర కూతురు "ఇవాళ ఏం సాసు చేశావు?" అని అడిగితే, నిమ్మకాయ వెన్న సాసు చేశానని, అందరూ మెచ్చుకున్నారని, కళ్ళార్పకుండా చెప్పాడు. ముక్కున వేలేసుకునే వయసు దాటిపోయింది కాబట్టి ఇన్‌స్పెక్టరమ్మ ఆ పని చెయ్యలేదు.

పెద్ద కుర్చీ మీదున్నవాడు తనంత తానుగా కింది పీట మీదికి ఎందుకు దిగుతాడు? ఆవిడ అనుభవంలో దానికి రెండే కారణాలు. ఏదో తప్పు చేసి బయటపడకముందే తప్పుకోవడం. లేకపోతే తాగుడు. తాగుడు ముదిరిన వంటవాళ్ళను ఆవిడ చాలామందినే చూసింది. వాళ్ళకు ముందు పోయేది చేతి నిలకడ కాదు, ముక్కూ నాలుకా. కుళ్ళిన మాంసం ముందు నిలబడి "ఫస్టుక్లాసు సరుకండీ" అని ఒట్టేసేవారు.

కర్ర పట్టుకుని లేచి వెతికింది. బీరువా అడుగున లేదు. బియ్యం డబ్బా వెనక లేదు. గుమ్మం పక్కన చెప్పుల అలమరలో, అతని వానాకాలపు బూట్ల వెనక ఒక అట్టపెట్టె దొరికింది. అందులో నాలుగు చిన్న గాజు సీసాలు. మూతలు తీసి చూసింది. లవంగ నూనె. నిమ్మ. గులాబీ. యూకలిప్టస్.

అప్పుడు ఇంకో సంగతి తట్టింది. పొద్దున పక్కనుంచి నడిచినప్పుడల్లా అతని దగ్గర లవంగం వాసన వేస్తుంది. పంటినొప్పేమో అనుకుంది ఇన్నాళ్ళూ. నోటి వాసన కప్పిపుచ్చడానికి తప్ప మగవాడు బూట్ల వెనక అత్తరు సీసాలు ఎందుకు దాచుకుంటాడు?

పెట్టె ఉన్నచోటే పెట్టేసి, వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్ తెరిచింది. కింది అరలో పది రోజుల కిందట విప్పిన క్రీమ్ డబ్బా ఒకటి మూలన పడుంది. మూత తీస్తే పులిసిన కంపు గుప్పుమంది. పారెయ్యాలని రెండు రోజులుగా అనుకుంటోంది. ఇవాళ కొన్నదీ అదే రకం, అదే రంగు డబ్బా. ఆవిడ పాతదాన్ని ముందుకు జరిపి, కొత్తదాన్ని పాల సీసాల వెనక పెట్టింది. తలుపు మూసింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఎవరి వంటింట్లోనూ వల పన్నలేదు. ఉన్నది చూసి రాసేది, అంతే.

అల్లుడు బ్రెడ్‌తో వచ్చాడు. చేతులు కడుక్కుని, ఉల్లిపాయ తరిగాడు. కత్తి కిందికీ పైకీ ఆడుతుంటే చూడ్డానికి ముచ్చటగా ఉంది. చేతులు ఏమాత్రం వణకడంలేదు. బాణలిలో వెన్న వేసి, కరిగి నురగ లేచేదాకా దాని మీదినుంచి చూపు తిప్పలేదు. పిండి వేసి కలిపాడు. పాలు పోశాడు. తర్వాత ఫ్రిజ్ తెరిచి ముందున్న డబ్బా తీశాడు.

"ఇదేమిటి, సీలు విప్పి ఉంది?"

"నేనే విప్పానులే" అంది ఇన్‌స్పెక్టరమ్మ. అబద్ధం నోట్లోంచి నున్నగా జారింది.

అల్లుడు డబ్బాను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చి, తల ఊపాడు. హోటల్లో సరుకు పరీక్ష చేసే పెద్ద వంటవాళ్ళు చేసినట్టే.

"బాగుంది. తాజాగా ఉంది."

ఆరడుగుల దూరంలో కూచున్న ఇన్‌స్పెక్టరమ్మకు పులుపు కంపు ముక్కుపుటాలకు తగులుతోంది. అతను డబ్బాను బాణలి మీద వంచబోయాడు.

"ఆగు బాబూ. అది విరిగిపోయింది."

అతని చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. డబ్బాలోకి చూశాడు, ఆవిడ మొహంలోకి చూశాడు. చిటికెన వేలితో కొంచెం తీసి నాలుక మీద రాసుకున్నాడు. పుల్లగా తగిలినట్టుంది, కళ్ళు చిన్నవయ్యాయి.

"కావాలనే పెట్టారా అత్తయ్యా?"

"పెట్టాను. ఎన్నాళ్ళ నుంచి తాగుతున్నావు?"

అతను నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఎటో పోయింది. స్టవ్ ఆర్పి, మీట తిరిగిందో లేదో రెండుసార్లు చూసుకుని, ఆవిడ కాలు చాపుకున్న పీట పక్కన నేల మీద కూలబడ్డాడు.

"తాగితే బాగుండేదేమో. మానేస్తే పోయేది" అన్నాడు. "నాకు వాసన తెలీదత్తయ్యా. ఏ వాసనా తెలీదు."

ఐదు నెలల కిందట వారంరోజులు జ్వరం, జలుబు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. జ్వరం తగ్గింది, జలుబు తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. ఇవాళ వస్తుంది, రేపొస్తుందని చూశాడు. మూడు వారాలు గుర్తు మీద వండాడు. ఒకరోజు మధ్యాహ్నం వెన్న మాడిపోయిన సాసు ఆరు పళ్ళేలలో బయటికి పంపాడు. ఆరూ వెనక్కొచ్చాయి. ధ్యాస తప్పిందని చెప్పి క్షమాపణ అడిగి, ఆ సాయంత్రమే కూరగాయల బల్ల అడిగి తీసుకున్నాడు.

"ఉప్పు తెలుస్తుంది. పులుపు, తీపి, చేదు తెలుస్తాయి. అంతకు మించి ఏం తిన్నా తడి అట్టముక్క నమిలినట్టే. ఆ సీసా సాసులంటారా, వాటిలో ఏముందో కాగితం మీద రాసుంటుంది. ఎన్నిసార్లు కొన్నా ఒకేలా ఉంటుంది. నేను చెడగొట్టలేను."

"మరి ఆ బూట్ల వెనక సీసాలు?"

అవి కూడా చూశారా అన్నట్టు తలెత్తాడు. "డాక్టరిచ్చాడు. రోజుకు రెండుసార్లు ఒక్కొక్కటీ పీల్చమన్నాడు. కొందరికి అలా అలవాటు చేస్తే తిరిగొస్తుందట. కొందరికి రాదట."

"గ్యాసు గొట్టానికి సబ్బునీళ్ళు?"

"లీకైతే నాకు తెలీదు కదా. మీ అమ్మాయి పొద్దున్నే నిద్రకళ్ళతో వచ్చి స్టవ్ వెలిగిస్తుంది." అతను ఆగాడు. "మీరు రాకముందు ఒకరోజు మీట సగం తిరిగి ఉండిపోయింది. నేను ఇక్కడే, ఈ బల్ల దగ్గరే కూచుని పేపరు చదువుతున్నాను. పక్కింటావిడ తలుపు కొట్టి చెప్పింది."

ఇన్‌స్పెక్టరమ్మకు దొంగను పట్టుకున్నాననుకుని దీపం పెట్టి చూస్తే, ఇంటికి కాపలా కాస్తున్నవాడు కనిపించాడు. పైగా తన చేతిలోనే వల ఉంది. సిగ్గేసింది. అయినా ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగం ఊరుకోదు.

"ఆ ఆరు పళ్ళేల తర్వాత ఒక్క పళ్ళెమైనా నీ చేత్తో సాసు పంపావా?"

"లేదత్తయ్యా. ఒట్టు."

"సరే. నేనైతే ఏం రాసేదాన్నో, నువ్వే నీ మీద రాసుకున్నావు. దాన్లో నీ తప్పేం లేదు. పెళ్ళానికి చెప్పకపోవడం తప్పు."

"ఎలా చెప్పను? సాసులు చేసేవాణ్ణనే కదా నన్ను చేసుకుంది."

"దాని సంగతి నీకంటే నాకు ముందు నుంచి తెలుసు. రేపు పొద్దున నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెబుతాను. ఇవాళ మాస్టరు వచ్చి వెళ్ళనివ్వండి."

ఆవిడ ఒప్పుకుంది. మనస్ఫూర్తిగా కాదు.

విరిగిన క్రీమ్ తొట్టిలో పారబోసి నీళ్ళు వదిలారు. కొత్త డబ్బా ఆవిడే వాసన చూసి చేతికిచ్చింది. తెల్లసాసు కుదిరింది. క్యాప్సికం సీసా మూత తీయగానే ఆవిడ మొహం చిట్లించింది. ఏదో మందు వాసన వేస్తోందని పక్కన పెట్టించింది. ఇక మిగిలింది టొమాటో.

ఇక్కడ చెప్పాల్సిన సంగతొకటుంది. పదివేల వంటిళ్ళు తనిఖీ చేసిన ఇన్‌స్పెక్టరమ్మకు వంట రాదు. ఆవిడ వంట తిని పెరిగిన కూతురు వంటవాణ్ణి చేసుకోవడంలో ఆశ్చర్యం లేదని బంధువులు అనేవారు. ఏ వాసన మంచిదో, ఏది కాదో ఆవిడకు తెలుసు. ఎందుకు వస్తోందో, ఎలా పోగొట్టాలో తెలీదు. అల్లుడికి అవన్నీ తెలుసు, వాసనొక్కటే తెలీదు.

"ఎలా ఉందత్తయ్యా?" అన్నాడు, సీసా సాసు గిన్నెలో వేడెక్కుతుంటే.

"వానకు తడిసిన అట్టపెట్టెలా ఉంది."

"అయితే టొమాటో పచ్చిదనం పోలేదు. ఇంకో పది నిమిషాలు." ఉల్లిపాయ వెన్నలో మగ్గబెట్టి అందులో కలిపాడు. "ఇప్పుడు?"

"అట్టపెట్టె పోయింది. కానీ ఏదో ఇనుము. తాళంచెవులు చేత్తో నలిపినట్టు."

"చిటికెడు చక్కెర. కొంచెం నారింజ తొక్క." తురిమాడు. కలిపాడు. గరిటె ఎత్తి ఆవిడ ముందు పట్టాడు. "ఇప్పుడు చెప్పండి."

ఆవిడ పీల్చింది. చాలా ఏళ్ళ తర్వాత ఒక వంటింట్లో తప్పు కోసం కాకుండా వాసన చూస్తోంది.

"ఇప్పుడు ఆకలేస్తోంది" అంది.

కూతురు ఐదింటికి వచ్చింది. బస్సు డిపోలో టైమ్‌టేబుళ్ళు వేసే ఉద్యోగం ఆమెది. ఏ బస్సు ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో పసిగట్టడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. వస్తూనే అమ్మ మొహం, మొగుడి మొహం మార్చి మార్చి చూసింది. "ఏంటి, ఇద్దరూ గుమ్మడికాయల దొంగల్లా ఉన్నారు?" అంది. ఇద్దరూ ఒకేసారి "ఏం లేదు" అన్నారు. ఆమె ఇంకేం అడగలేదుగానీ చూపు మాత్రం వదల్లేదు.

మాస్టరు సరిగ్గా ఏడింటికి వచ్చాడు. డెబ్బై దాటిన భారీ మనిషి, అరచేతుల నిండా పాత కాలిన మచ్చలు. కూచుని, పళ్ళెంలో రెండు సాసులూ విడివిడిగా వడ్డించుకున్నాడు. బీన్స్ ఒకటి కొరికి పక్కన పెట్టాడు. తెల్లసాసు తిన్నాడు. ఎర్రసాసు తిని ఫోర్కు కింద పెట్టాడు.

"ఇది సీసా సాసు కదరా?"

అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. "అవును మాస్టారూ. కొంచెం బాగుచేశాం."

"చేశాం? ఎవరెవరు?"

అల్లుడి చూపు అత్తగారి వైపు తిరిగింది.

"బాగానే ఉంది. బాగాలేదని కాదు" అన్నాడు మాస్టరు. "కానీ ఇందాకటి నుంచి చూస్తున్నా. గిన్నె బల్ల మీద పెట్టే ముందల్లా నువ్వు మీ అత్తగారి మొహం చూస్తున్నావు. నా దగ్గర పని నేర్చుకునేటప్పుడు నా మొహం కూడా అన్నిసార్లు చూడలేదు. హోటల్లోవాళ్ళు నాతో ఒకమాటన్నారు. నువ్వు తాగుతున్నావని, అందుకే కూరగాయలు తరుగుతున్నావని. నమ్మక, నా కళ్ళతో చూద్దామని వచ్చా."

"కూరగాయలు తరగడమేమిటి?" అంది కూతురు.

రేపు పొద్దుటిదాకా ఆగవలసిన మాట, పాస్తా చల్లారకముందే బయటికి వచ్చేసింది. అల్లుడు తల వంచుకుని మొత్తం చెప్పాడు. జ్వరం, మాడిన వెన్న, సబ్బునీళ్ళు, నాలుగు సీసాలు. కూతురు కదలకుండా విన్నది. అంతా అయ్యాక చాలా నెమ్మదిగా అడిగింది.

"రెండు నెలల కింద నేను గంధం సబ్బు మార్చాను. గుర్తుందా? నువ్వు వంటింట్లో నా వెనక నిలబడి, ఈ గంధం వాసన నాకెంతిష్టమో అన్నావు. అప్పటికే అది నిమ్మకాయ సబ్బు."

అతను వంచిన తల ఎత్తి ఆమెను చూశాడు.

"అప్పటి నుంచి నేనేమనుకుంటున్నానో తెలుసా? నా ఒంటి మీద లేని ఆ గంధం ఎవరిదో అని. రెండు నెలలుగా నీ జేబులు వెతుకుతున్నా. బస్సు టిక్కెట్లు తీసి టైములు చూస్తున్నా." ఆమె పళ్ళెం పక్కకు నెట్టింది. "ముక్కు పోయిందని చెప్పి ఉంటే ఏడ్చేదాన్నిరా, ఒకరోజు. ఇన్ని రోజులు ఏడ్చేదాన్ని కాదు."

లేచి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అల్లుడు లేవబోతే మాస్టరు చెయ్యి పట్టుకుని కూచోబెట్టాడు.

"ఇప్పుడు వెళ్ళకు. కాసేపు ఒంటరిగా ఉండనీ" అన్నాడు. మళ్ళీ ఫోర్కు అందుకున్నాడు. "సోమవారం యజమానురాలి దగ్గరికి ఇద్దరం వెళదాం. నువ్వే చెప్పాలి. నేను పక్కన నిలబడతా. తాగుబోతన్న పేరుకన్నా ఇది నయం కదా."

"తీసేస్తే?"

"తీసేస్తే అప్పుడు చూద్దాం. పిండి పిసకడానికి ముక్కెందుకురా? చేతులున్నాయిగా."

ఇన్‌స్పెక్టరమ్మ కూడా మెల్లగా లేచి, కర్ర ఊతంతో వెళ్ళి లోపలి గది తలుపు మీద రెండు వేళ్ళతో తట్టింది. తలుపు తెరుచుకుంది. మంచం మీద కూతురి పక్కన కూచుని, తాను పొద్దున చేసిన ఫోనూ, వెతుకులాటా, విరిగిన క్రీమూ దాచకుండా చెప్పింది. "నీది జేబులు. నాది చెప్పుల అలమర. ఇద్దరం ఒక్క తానులో గుడ్డలమే" అంది. కూతురికి ఏడుపులోనే నవ్వొచ్చింది. వెంటనే ఆ నవ్వు మీద కూడా కోపమొచ్చింది.

మూడు రోజులు ఆమె మొగుడితో మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున్నే లేచి, అతని చేతిలోంచి బ్రష్షు తీసుకుని, గ్యాసు అతుకులకు తానే సబ్బునీళ్ళు పూసింది. అదే రోజు సాయంత్రం గ్యాసు లీకైతే మోగే యంత్రం ఒకటి కొనుక్కొచ్చి గోడకు బిగించింది. "నెలల కిందట ఇది కొనాలని తట్టలేదా నీకు?" అని అడిగింది. కొంటే ఎందుకని నువ్వు అడుగుతావని కొనలేదన్నాడు. ఆమె నెత్తి కొట్టుకుంది. అలా మాటలు మొదలయ్యాయి.

హోటలు యజమానురాలు తీసెయ్యలేదు. సాసుల పొయ్యి కింది కుర్రవంటవాడికి పోయింది. దానికి మాత్రం అల్లుడు వారంరోజులు సరిగ్గా తిండి తినలేదు. అతన్ని పాస్తా పిండి బల్లకు మార్చారు. పిండి తడి ఎంతో, సాగుడు ఎంతో వేళ్ళే చెబుతాయి. నెల తిరిగేసరికి అతని చొక్కాలకు గుడ్ల వాసన, తడిపిండి వాసన పట్టాయి. ఇన్‌స్పెక్టరమ్మ మోకాలు కుదుటపడి తన ఇంటికి వెళ్ళిపోయింది.

చలికాలం చివర్లో ఒక ఆదివారం ఆవిడ వాళ్ళను చూడ్డానికి వెళ్ళింది. కర్ర లేకుండా రెండంతస్తులు ఎక్కి ఇంట్లోకొచ్చి, చెప్పులు విప్పి, మంచినీళ్ళు తాగుతోంది. ఎదురుగా కూచున్న అల్లుడు మాట మధ్యలో ఆపేశాడు.

"అత్తయ్యా. ఎక్కడైనా ఏదైనా మాడుతోందా?"

ఇన్‌స్పెక్టరమ్మ అతన్ని అనుమానంగా చూసింది. తనను సంతోషపెట్టడానికి అంటున్నాడేమో. కూతురేమైనా నేర్పిందేమో. స్టవ్ మీద ఏమీ లేదు. గది కిటికీలు మూసే ఉన్నాయి. అప్పుడు ఆవిడకూ తగిలింది, సన్నగా, తలుపు కింది సందులోంచి.

మాట్లాడకుండా లేచింది. అల్లుడు వెనకే వచ్చాడు. మెట్ల మలుపు దగ్గర అతను ఆగి గాలి పీల్చి, "ఇక్కడ ఎక్కువగా ఉంది" అన్నాడు. కింది అంతస్తులో ఎడమవైపు తలుపు కొట్టారు. ఆ ఇంటామె చేతిలో నల్లబడ్డ బాణలి పట్టుకునే తలుపు తెరిచింది. వెనక గదంతా నీలంగా పొగ. ఫోన్ మాట్లాడుతూ మర్చిపోయానండీ, మీదాకా వచ్చిందా అని నొచ్చుకుంది.

"వచ్చిందమ్మా" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "కిటికీ తీసుకో."

అల్లుడు మెట్ల మీద కూచుండిపోయాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, పొగ వస్తున్న వైపే మొహం తిప్పుకుని ఉన్నాడు.

"ఏం మాడింది అత్తయ్యా? మాడిందని తెలుస్తోంది. ఏమిటో తెలీడంలేదు."

"ఉల్లిపాయలు" అంది ఆవిడ, పక్కన మెట్టు మీద మెల్లగా కూచుంటూ.

"ఉల్లిపాయలా" అన్నాడతను. మళ్ళీ ఒకసారి పీల్చి చూశాడు.